రాకెట్ ఎక్కేముందు ఒక ఆట

శ్రీహరికోటలో రాకెట్ లేచేముందు ఇస్రో పెద్దలు సూళ్లూరుపేట చెంగాళమ్మకి దండం పెట్టుకుంటారు. రాకెట్ నమూనా తిరుమల కొండెక్కి వెంకన్న పాదాల దగ్గర కాసేపు ఉండి వస్తుంది. మరి దేవుణ్ణి అధికారికంగా పక్కన పెట్టేసిన సోవియట్ దేశంలో ఆకాశానికి వెళ్ళేవాళ్ళు ఏం చేసేవాళ్ళు? సినిమా చూసేవాళ్ళు. అన్నిసార్లూ ఒకే సినిమా. దేశమే పోయినా, రాకెట్లు ఎగిరే బైకనూర్‌లో ఆ ఆట మాత్రం ఆగలేదు.

అందులో అంతరిక్షం ఊసే లేదు. 1970లో విడుదలైన ‘ఎడారిలో తెల్లని సూర్యుడు’ అది. అంతర్యుద్ధం ముగిశాక సుఖోవ్ అనే ఎర్రసైనికుడు కాస్పియన్ సముద్రానికి తూర్పున ఇసుకలో పడి ఇంటికి నడుస్తుంటాడు. భార్య కత్యెరీనాకి మనసులోనే ఉత్తరాలు రాసుకుంటుంటాడు. దారిలో మెడదాకా ఇసుకలో పాతిపెట్టిన మనిషి కనిపిస్తే తవ్వి తీస్తాడు. ఆ తర్వాత అబ్దుల్లా అనే బందిపోటు వదిలేసిపోయిన తొమ్మిదిమంది భార్యల్ని కాపాడే పని నెత్తిన పడుతుంది. ఇల్లు చేరడం వాయిదా పడుతూనే ఉంటుంది.

1971 జూన్‌లో సోయూజ్ 11 దిగివస్తూ ముగ్గురు వ్యోమగాముల్ని పొట్టన పెట్టుకుంది. రెండేళ్ళ తర్వాత, 1973 సెప్టెంబరులో, సోయూజ్ 12లో వెళ్ళిన ఇద్దరూ ఈ సినిమా చూసి బయల్దేరారట. క్షేమంగా తిరిగొచ్చారు. ఇంకేం కావాలి? కొబ్బరికాయ కొట్టిన రోజు బండి చెడిపోకపోతే, మనమైనా మర్నాడు కొట్టకుండా బయల్దేరతామా?

ఈ సినిమా వంశవృక్షం పట్టుకుని వెనక్కి వెళ్తే అమెరికాలో తేలతాం. 1934లో జాన్ ఫోర్డ్ ఎడారిలో చిక్కుకున్న సైనికుల కథ తీశాడు. అది మాస్కోలో పైవాళ్ళెవరికో, స్టాలిన్‌కే అంటారు, తెగ నచ్చింది. మనకీ అలాంటిది కావాలని మిఖాయిల్ రోమ్‌ని పురమాయించారు. ఆయన అసలు సినిమా చూడనేలేదు, చెప్పగా విన్న కథతో ‘పదమూడు మంది’ తీశాడు. 1943లో హాలీవుడ్ దాన్ని తిరిగి ఎరువు తెచ్చుకుని, బోగార్ట్‌తో ‘సహారా’ చేసింది. ఒకే ఎడారి కథ రెండుసార్లు సముద్రం దాటిందన్నమాట. 1962లో ‘మాగ్నిఫిసెంట్ సెవెన్’ సోవియట్ హాళ్ళకి వచ్చింది. కుర్రకారు వెర్రెత్తిపోయారు. మన కౌబాయ్‌ల్ని మనమే ఎందుకు తయారుచేసుకోకూడదన్న ఆలోచనకి బలం అక్కడిదే.

ఆ పని వ్లదీమిర్ మోతిల్‌కి దక్కింది. అంతకుముందు తీసిన యుద్ధకాలపు హాస్యచిత్రంతో ఆయన అధికారుల కంట్లో నలుసై ఉన్నాడు. షూటింగ్ దగెస్తాన్ తీరంలో, తుర్క్‌మెనిస్తాన్ ఇసుకల్లో. చూసిన అధికారులు పెదవి విరిచారు, మార్పుల చిట్టా చేతిలో పెట్టారు. చివరికి సోవియట్ అధినేత బ్రెజ్‌నెవ్ తన విడిదింట్లో చూసి ముచ్చటపడటంతో గండం గడిచిందని కథ. తొలి విడుదలలోనే 3 కోట్లమందికి పైగా చూశారు.

నా మనసు మాత్రం సుఖోవ్ మీద కన్నా వెరెష్చాగిన్ మీదే ఉంటుంది. జారు కాలంనాటి కస్టమ్స్ అధికారి. కొలువిచ్చిన రాజ్యం కూలిపోయింది. పెరట్లో నెమళ్ళు, ఎదుట గిన్నెనిండా నల్ల కావియర్. రోజూ అదేనా, రొట్టెముక్క లేదా అని ఆయన విసుగు! చిన్న పాత్రే, కానీ పావెల్ లుస్పెకాయెవ్ వచ్చాక దర్శకుడు దాన్ని పెంచేశాడు. రక్తనాళాల జబ్బుతో లుస్పెకాయెవ్‌ పాదాలు రెండూ సగానికి తీసేశారు. ఊతకర్రతో నటించవచ్చని దర్శకుడన్నా ఆయన ఒప్పుకోలేదట. తెరమీద ఇసుకలో ఏనుగులా నడిచే ఆ మనిషి అడుగడుగుకీ ఎంత నొప్పి మింగాడో ఎవరికీ కనపడదు. సినిమా బయటికొచ్చిన కొద్దివారాలకే, 1970 ఏప్రిల్ 17న, పోయాడు. నలభై మూడో పుట్టినరోజుకి మూడురోజులు తక్కువ.

లంచం పుచ్చుకోని ఈ అధికారికి రష్యాలో కస్టమ్స్‌వాళ్ళు విగ్రహాలు పెట్టుకున్నారు! సినిమా మాటలు కూడా మన ‘వీరతాడు’లాగా జనం నాలుకల మీదికెక్కాయి. తూర్పుదేశాల వ్యవహారం సున్నితమన్న సుఖోవ్ మాట సామెతైపోయింది. ఆ మాట నాకంత రుచించదు. అవతలివాడు అర్థం కానప్పుడు, అర్థం చేసుకునే శ్రమ లేకుండా తప్పుకోవడానికి భలే పనికొస్తుంది. ఆడవాళ్ళకి సుఖోవ్ స్వేచ్ఛ గురించి పాఠం చెబితే, వాళ్ళు అతన్నే కొత్త మొగుడనుకునే హాస్యమూ ఇప్పుడు కాస్త గుచ్చుకుంటుంది.

మన దగ్గర దీనికి దాయాది ఉంది. ఏడాదిన్నర తిరక్కుండానే, 1971 ఆగస్టులో, కృష్ణ ‘మోసగాళ్ళకు మోసగాడు’తో రాజస్థాన్ ఎడారిలో గుర్రమెక్కాడు. ఒకరి సంగతి ఒకరికి తెలిసి తీసినవి కావు. కౌబాయ్ సినిమాల దుమ్ము రెండుచోట్లా ఒకేసారి రేగిందంతే.

సోవియట్ దేశంతోపాటే అక్కడ ‘ఎడారిలో తెల్లని సూర్యుడు’లాంటి సినిమా తీసే వీలూ పోయింది. కథ రాసినవారిలో ఒకరు బాకూ మనిషి, బందిపోటు వేసింది జార్జియా నటుడు, కస్టమ్స్ అధికారి అర్మేనియా తండ్రి కొడుకు. ఇవాళ ఆ యూనిట్ అంతా ఒకచోట చేరాలంటే ఎన్ని సరిహద్దులో, ఎన్ని ముద్రలో. వెరెష్చాగిన్ ఉంటే చేతినిండా పని. బైకనూర్ కూడా ఇప్పుడు కజకిస్తాన్‌ది, రష్యా అద్దె కడుతోంది.

1998లో గానీ ఈ సినిమాకి ప్రభుత్వ బహుమతి రాలేదు. అప్పటికి పాతికేళ్ళుగా వ్యోమగాములు చూస్తూనే ఉన్నారు. ఆఖరి దృశ్యంలో సుఖోవ్ ఇంకా ఇసుకలో నడుస్తూనే ఉంటాడు, కత్యెరీనాకి ఉత్తరం అల్లుకుంటూ. ఇల్లు తెరమీదికి రాదు. దీపాలు వెలుగుతాయి, చూసినవాళ్ళు లేచి రాకెట్ దగ్గరికి వెళ్తారు.