రక్తనాళాల లోపాలు: ఎలుకలు, పందుల మీద ప్రయోగాలతో ఏం తేలింది?

బిడ్డ బుగ్గ మీదో, కాలి మీదో నీలంగా, ఎర్రగా ఉబ్బు కనిపిస్తే మన ఇళ్లలో ముందు నిలదీసేది తల్లినే. గ్రహణం రోజు బయటికెళ్లావా, ఏం తిన్నావ్ అని అడుగుతారు. దగ్గరి సంబంధం చేసుకోవడం వల్లే ఇలా అయ్యిందనేవాళ్లూ ఉంటారు. రక్తనాళాలు సరిగ్గా ఏర్పడక వచ్చే ఈ లోపాలను డాక్టర్లు వాస్క్యులర్ మాల్‌ఫార్మేషన్లు అంటారు. వీటిలో చాలావరకు కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు ఒక్క కణంలో ఒక్క జన్యువు మారిపోవడం వల్ల వస్తాయి. ఆ కణం నుంచి పుట్టిన కణాలకే ఆ మార్పు ఉంటుంది. అందుకే ఒక కాలికో, ఒక చెంపకో వచ్చి ఆగిపోతుంది. ఇందులో తల్లి తప్పు లేదు, మేనరికానికీ సంబంధం లేదు.

ఈ సంగతి తేల్చడంలో ఎలుకలది పెద్ద పాత్ర. సిరలు ఉబ్బే రకంలో టై2 అనే జన్యువు మారుతుందని 1996లోనే తెలిసింది. ఆ మార్పు ఉన్న మనిషి రక్తనాళ కణాలను ఎలుకల చర్మం కింద పెడితే, అక్కడ అచ్చం అలాంటి ఉబ్బిన నాళాలే తయారయ్యాయి. సిరోలిమస్ అనే మందు ఇస్తే ఆ పెరుగుదల తగ్గింది. కొద్దిమంది రోగులకూ ఇచ్చి చూస్తే నొప్పి, రక్తస్రావం తగ్గాయి. ఈ ఫలితాలు 2015లో అచ్చయ్యాయి.

ఇంకో ముఖ్యమైన ప్రయోగం పారిస్‌లోని నెకర్ ఆసుపత్రిలో జరిగింది. డాక్టర్ గియోమ్ కనో బృందం పీఐకే3సీఏ జన్యువు అదుపు తప్పిన ఎలుకలను తయారు చేసింది. వాటి అవయవాలు, రక్తనాళాలు దెబ్బతిని త్వరగా చనిపోయేవి. క్యాన్సర్ కోసం తయారవుతున్న ఆల్పెలిసిబ్ మందు ఇస్తే బతికాయి. తర్వాత ఇదే జన్యువు మారిన 19 మంది రోగులకు, పిల్లలతో సహా, ఆ మందు ఇచ్చారు. ఉబ్బులు తగ్గాయి. 2018లో ఇది నేచర్ పత్రికలో వచ్చింది. 2022లో అమెరికా ఔషధ సంస్థ రెండేళ్లు దాటినవారికి అనుమతి ఇచ్చింది. అయితే ఈ మందు రక్తంలో షుగర్ పెంచవచ్చు, సిరోలిమస్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా వాడేవి కావు.

ఇక పంది సంగతి. మెదడులో ధమని నేరుగా సిరతో కలిసిపోయే రకాన్ని ఏవీఎం అంటారు. మధ్యలో ఉండాల్సిన సన్నని కేశనాళికలు ఉండవు కాబట్టి రక్తం వేగంగా దూకుతుంది, నాళం పగిలితే ప్రాణాపాయం. పందికి పుర్రె అడుగున, మెదడుకు వెళ్లే ధమని సన్నని వలలా చీలి మళ్లీ కలుస్తుంది. మనకు ఆ వల లేదు. పరిశోధకులు పంది మెడలో ధమనిని సిరతో కలిపి, ఆ వల గుండా రక్తం ఉరికేలా చేసి ఏవీఎం నమూనాగా వాడుకున్నారు. ఆనిక్స్ అనే ద్రవంతో నాళాలు మూసే పద్ధతిని పందుల్లోనే పరీక్షించారు.

మన పాఠకులకు ఇక్కడ ఒక అనుమానం రావడం సహజం. ఆనిక్స్‌లో పంది పదార్థం లేదు. అది ఒక రకం ప్లాస్టిక్, దాన్ని కరిగించే ద్రవం, ఎక్స్‌రేలో కనిపించడానికి టాంటలం లోహపు పొడి, అంతే. పంది మీద పరీక్షించారన్నది వేరే మాట. దాని గురించి మనసులో సందేహం ఉంటే ఆలిమ్‌ని అడగండి, కానీ ఆపరేషన్‌ను వాయిదా వేసుకోకండి.

జంతువులు అన్నీ చెప్పలేవు కూడా. పంది వల ఆరోగ్యమైన నాళాలది, అది లోపంతో పుట్టింది కాదు. పిల్లలకు వచ్చే హెమాంజియోమా అనే ఎర్ర గడ్డకు (ఇది మాల్‌ఫార్మేషన్ కాదు, వేరే జబ్బు) ప్రొప్రనొలాల్ పనిచేస్తుందని తెలిసింది ఎలుకల వల్ల కాదు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో గుండె సమస్యకు ఆ మందు ఇచ్చిన పిల్లల్లో గడ్డ తగ్గడం డాక్టర్లు అనుకోకుండా గమనించారు, 2008లో ప్రకటించారు.

వంశంలో వచ్చే రకం ఒకటుంది, హెచ్‌హెచ్‌టీ. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. ఎలుకల్లో ఏఎల్‌కే1 జన్యువు తీసేశాక చర్మానికి గాయమైన చోట వంకర నాళాలు పుట్టాయి. అంటే జన్యువు ఒక్కటే చాలదు, ఇంకో దెబ్బ కూడా తోడవ్వాలి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి తరచూ ముక్కు నుంచి రక్తం కారుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి. అలాగే పిల్లల మచ్చ తాకితే వేడిగా, నాడిలా కొట్టుకుంటుంటే గుచ్చడం, కోయించడం చేయకుండా ముందు డాప్లర్ స్కాన్ చేయించండి.