ఇటలీ పాత నమూనా కార్లను ఛాయాచిత్రాల ద్వారా గుర్తించడం

ఇటలీలో ఒకటి రెండు ప్రతులుగా మాత్రమే తయారైన పాత నమూనా కార్లను, ఛాయాచిత్రంలోని ఆధారాలను బట్టి ఏ సంస్థ, ఏ సంవత్సరంలో తయారుచేసినదో నిర్ణయించడం మోటారు వాహన చరిత్రలో ఒక ప్రత్యేక విభాగము. ఈ కార్లలో కొన్ని నేడు లేవు. వాటికి ఛాయాచిత్రాలే మిగిలిన సాక్ష్యము.

నేపథ్యం

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఇటలీలో కారు బాడీలు తయారుచేసే సంస్థలు అనేకం ఉండేవి. బెర్టోనె, పినిన్‌ఫరీనా, గియా, విన్యాలె సంస్థలు టురిన్ నగరానికి, టూరింగ్, జగాటో సంస్థలు మిలాన్‌కు చెందినవి. ఫియట్, ఆల్ఫా రోమియో, లాన్చియా వంటి సంస్థల ఛాసీ, ఇంజనులపై ఇవి తమ బాడీలను అమర్చి టురిన్, జెనీవా, పారిస్ మోటారు ప్రదర్శనలలో ఉంచేవి. వీటికి ఆధారమైన ఫియట్ 1100 వరుసలోని 1100డి కారే తరువాత భారతదేశంలో ప్రీమియర్ పద్మినిగా చాలాకాలం తయారైనది.

గుర్తింపు ఆధారాలు

* సంస్థ పేరు: బాడీ సంస్థ తన చిహ్నాన్ని సాధారణంగా కారు పక్క భాగాన అమర్చుతుంది. పినిన్‌ఫరీనా పేరు 1961 వరకు రెండు పదాలుగా, ఆ తరువాత ఒకే పదంగా వ్రాయబడినది. కనుక అక్షరాలు కనిపిస్తే కాలాన్ని అంచనా వేయవచ్చు.
* నంబరు ప్లేటు: పాత ఇటలీ ప్లేట్లపై 'టిఓ' టురిన్‌ను, 'ఎంఐ' మిలాన్‌ను, 'ఎంఓ' మోడెనాను సూచిస్తాయి. 'ప్రోవా' అనునది పరీక్ష కొరకు నడిపే వాహనానికి గుర్తు.
* విడిభాగాలు: నమూనా కార్లకు కూడా దీపాలు, తలుపు పిడులు మామూలు కార్ల నుండే తీసుకొనేవారు. ఒక దీపం మార్కెట్లోకి వచ్చిన సంవత్సరం తెలిస్తే, ఆ కారు దాదాపు అంతకు ముందుది కాదని చెప్పవచ్చు.
* కొలతలు: సరిగా పక్క నుండి తీసిన చిత్రంలో ముందు, వెనుక చక్రాల మధ్య దూరాన్ని చక్రపు వ్యాసంతో పోల్చి, ఛాసీ ఏదో ఊహించవచ్చు.

పొరపాట్లకు కారణాలు

ఒకే ఆకృతి వేర్వేరు ఛాసీలపై కనిపించవచ్చు. జొవాని సవొనుజ్జి రూపొందించిన గియా 'సూపర్‌సోనిక్' బాడీని ఫియట్ 8విపైనే కాక జాగ్వార్, ఆస్టన్ మార్టిన్ ఛాసీలపై కూడా అమర్చారు.

దీనికి విరుద్ధంగా ఒకే రకం ఛాసీ పలు రూపాలలో కనిపించవచ్చు. ఆల్ఫా రోమియో 33 ఛాసీపై బెర్టోనె 'కారాబో' (1968), ఇటాల్‌డిజైన్ 'ఇగ్వానా' (1969), బెర్టోనె 'నవాహో' (1976) తయారైనవి. పినిన్‌ఫరీనా 1968 నాటి 'పి33 రోడ్‌స్టర్'ను విప్పి, అదే ఛాసీపై 1971లో 'కూనియో'ను నిర్మించినది. చిత్రాలలో ఇవి రెండు కార్లు, వాస్తవంలో ఛాసీ ఒక్కటే.

వరుసగా వచ్చిన నమూనాలు కూడా తికమకకు దారి తీస్తాయి. ఫ్రాంకో స్కాలియోనె బెర్టోనె కొరకు ఆల్ఫా రోమియో 1900 ఛాసీపై రూపొందించిన 'బాట్' 5 (1953), 7 (1954), 9 (1955) కార్లను వెనుక రెక్కల వంపును బట్టి వేరుచేస్తారు. 7వ సంఖ్య కారు రెక్కలు ఎక్కువగా లోపలికి వంగి ఉంటాయి, 9వ దానివి చిన్నవి.

చిత్రం కుడి ఎడమలు మారి ముద్రితమైతే స్టీరింగు స్థానం మారుతుంది. కాని 1950ల ఆరంభం వరకు లాన్చియా కార్లకు కుడివైపు స్టీరింగు ఉండడం సాధారణమే. కనుక ప్లేటుపై అక్షరాలు సరిచూసిన తరువాతే నిర్ణయానికి రావలెను.

నార్స్‌మన్ ఉదాహరణ

అమెరికాకు చెందిన క్రైస్లర్ సంస్థ కొరకు గియా టురిన్‌లో 'నార్స్‌మన్' అనే ఒకే ఒక కారును నిర్మించినది. ముందు అద్దం పక్కన స్తంభాలు లేకుండా పైకప్పు వెనుక నుండే నిలబడడం దీని ప్రత్యేకత. 1956 జూలైలో దీనిని తీసుకువెళుతున్న 'ఆండ్రియా డోరియా' ఓడ నాంటకెట్ సమీపంలో మరొక ఓడను ఢీకొని మునిగిపోయినది. ప్రజలు చూడకముందే కారు సముద్రం పాలైనది. నేడు దానిని తెలుసుకొనుటకు చిత్రాలే ప్రధాన ఆధారము.

ప్రాముఖ్యత

మూడు 'బాట్' కార్లు 2020లో ఒకే వేలంలో సుమారు 1 కోటి 48 లక్షల డాలర్లకు అమ్ముడుపోయినవి. ఇంత విలువ గల వస్తువు విషయంలో చిత్రం క్రింద వ్రాసిన తప్పు పేరు కొనుగోలుదారునికి నష్టం కలిగించగలదు. పునరుద్ధరణ చేసేవారు కూడా పాత చిత్రాలనే ఆధారం చేసుకుంటారు. కనుక తప్పుగా గుర్తించిన చిత్రం కారు రూపాన్నే మార్చివేసే ప్రమాదమున్నది. కాబట్టి ఒక్క ఆధారంతో తృప్తిపడక, కనీసం రెండు స్వతంత్ర ఆధారాలు ఏకీభవించినప్పుడే పేరును ఖాయం చేయడం మంచి పద్ధతి.