ఛత్తా బజార్‌లో ఒక సైటు ప్రూఫ్

హైదరాబాద్ మదీనా చౌరస్తాలో ఆటో దిగి, పత్తర్‌గట్టీ రాతి కమాన్లు దాటి ఛత్తా బజార్ సందుల్లోకి తిరగండి. ముందు మీకు తగిలేది సిరా వాసన. తర్వాత కాగితం కోసే మెషీన్ చప్పుడు. దుకాణాల ముందు పెళ్లి కార్డులు వేలాడుతుంటాయి, బంగారు రంగు ఉర్దూ అక్షరాలతో కొన్ని, గణపతి బొమ్మతో తెలుగువి కొన్ని. ఒకప్పుడు ఇక్కడ కాతిబులనే చేతిరాత నిపుణులు కలంతో రాసిన ఉర్దూయే అచ్చుకు వెళ్లేది. 1990లలో ఉర్దూ అక్షరాలు కూర్చే ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ పనిలో చాలా భాగం కీబోర్డు మీదికి వెళ్లిపోయింది.

ఓ కార్డుల షాపు పక్కనున్న ఇరుకు మెట్లెక్కితే పై అంతస్తులో ఇల్లు. కిటికీ పక్కన తఖ్త్ మీద లాప్‌టాప్, దాని ముందు షాపాయన కొడుకు. డిగ్రీ చదువుతున్నాడు. నాన్న షాపుకు మూడు భాషల్లో సైటు కడుతున్నాడు.

"కూసో అన్నా. పొద్దుగాల నుంచి నెట్ లేదు. అయినా మన పని ఆగది," అంటాడు.

ఆగదు, నిజమే. గ్జాంప్ ఫైలును నిన్ననే దించిపెట్టుకున్నాడు. సొంత కంప్యూటర్‌నే వెబ్ సర్వర్‌గా మార్చుకోవడానికి కావలసిన అపాచీ, డేటాబేస్, పీహెచ్‌పీ అన్నీ ఒకే మూటలో ఇచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. 2002లో జర్మనీలో అపాచీ ఫ్రెండ్స్ పేరుతో మొదలైన ప్రాజెక్టు దీన్ని తయారుచేసింది. దాని కంట్రోల్ ప్యానెల్‌లో డేటాబేస్ పేరు మైఎస్‌క్యూఎల్ అని కనబడుతుంది గానీ ఇప్పటి గ్జాంప్‌లో లోపల నడిచేది మరియాడీబీ.

ఇన్‌స్టాల్ అయింది. కంట్రోల్ ప్యానెల్‌లో అపాచీ పక్కన స్టార్ట్ నొక్కుతాడు. ఎర్ర అక్షరాలు. 80వ నంబరు పోర్టును అప్పటికే వేరే ప్రోగ్రాం పట్టుకుని కూర్చుంది. అతను కంగారు పడడు. అపాచీ సెట్టింగుల ఫైలు తెరిచి, 'లిజన్ 80' అన్నచోట 8080 అని మార్చి మళ్లీ స్టార్ట్ నొక్కుతాడు. ఈసారి పేరు వెనక ఆకుపచ్చ రంగు పడుతుంది. సైటు ఫైళ్లున్న ఫోల్డర్‌ను గ్జాంప్‌లోని హెచ్‌టీడాక్స్‌లోకి కాపీ చేసి, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్, పక్కన 8080, ఆ తర్వాత ఆ ఫోల్డర్ పేరు కొడతాడు. షాపు సైటు తెర మీదికి వచ్చేసింది. లోకల్‌హోస్ట్ అసలు చిరునామా 127.0.0.1. ఏ కంప్యూటర్‌లోనైనా ఆ నంబరుకు అర్థం 'నేనే'. ఆ పిలుపు యంత్రం గడప దాటి బయటికి పోదు, అందుకే దానికి నెట్‌తో పనిలేదు.

ఇప్పుడు ఆర్డర్ ఫారం. పేరు రాసే గడిలో ఇంగ్లీషులో ఏదో కొట్టబోతుంటే మీరే ఆపండి. తెలుగు పేరు కొట్టమనండి, అదీ గట్టి పేరు. జ్యోత్స్న అని కొట్టాడు, సేవ్ నొక్కాడు. ఆర్డర్ల పేజీలో పేరున్న చోట వరసగా తొమ్మిది ప్రశ్నార్థకాలు.

ఇక్కడ కాసేపు ఆగి చూడాలి. జ్యోత్స్న మన కంటికి రెండే అక్షరాలు. కంప్యూటర్‌కు మాత్రం జ, పొల్లు, య, ఓత్వం, త, పొల్లు, స, పొల్లు, న కలిపి తొమ్మిది సంకేతాలు. అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, అంటే 27 బైట్లు. ఆర్డర్లు దాచే డేటాబేస్ టేబుల్‌ను అతను పాత కోడ్ చూసి లాటిన్1 అనే పద్ధతిలో తయారుచేశాడు. అందులో తెలుగుకు చోటే లేదు. అందుకే సంకేతానికొకటి చొప్పున ప్రశ్నార్థకం పడింది. ఒకసారి అలా సేవ్ అయిన పేరు మళ్లీ తిరిగిరాదు. అదే నిజమైన ఆర్డర్ అయితే పెళ్లికూతురి పేరే పోయినట్టు. అతను టేబుల్‌నూ కనెక్షన్‌నూ రెండింటినీ యూటీఎఫ్-8కు, డేటాబేస్ భాషలో యూటీఎఫ్8ఎంబీ4కు మార్చి, అదే పేరు మళ్లీ కొడతాడు. జ్యోత్స్న చక్కగా వచ్చింది.

కానీ పక్కనున్న చిన్న డబ్బాలో అదే పేరు చివర ముక్కలై కనబడుతోంది. పేరును ఇరవై బైట్ల దగ్గర కోసెయ్యమని కోడ్‌లో రాసి ఉంది. మూడుతో భాగించబడని చోట కత్తిపడితే అక్షరం నిలువునా చీలుతుంది. ఆ కోత తీసేసి, పొడుగు పేర్ల సంగతి బ్రౌజర్‌కే వదిలేస్తాడు. ఇంగ్లీషు పేర్లతో సంవత్సరమంతా పరీక్షించినా ఈ రెండు తప్పులూ బయటపడేవి కావు. మన దగ్గర తయారయ్యే సైట్లలో తెలుగు ఇంత తరచుగా పాడవడానికి ఇదొక పెద్ద కారణమని నా నమ్మకం.

ఇక ఫోన్‌లో చూడాలి. వైఫైలో లాప్‌టాప్‌కున్న నంబరు చూస్తాడు, 192.168తో మొదలయ్యేది. ఫైర్‌వాల్‌లో అపాచీకి అనుమతిచ్చి, అదే వైఫై మీదున్న ఫోన్‌లో ఆ నంబరు, పక్కన 8080, ఫోల్డర్ పేరు కొడతాడు. నెట్ లేకున్నా ఫోన్‌లో సైటు తెరుచుకుంది, ఎందుకంటే మాట రౌటర్ దాకా వెళ్లి తిరిగొస్తే చాలు.

కింది నుంచి నాన్న పైకొస్తారు. వేళ్లకు సిరా మరకలు. ఫోన్ అందుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఉర్దూ పేజీ చూస్తారు.

"నుఖ్తే కట్ గయే బేటా."

చుక్కలు తెగిపోయాయి. ఉర్దూ రాసే నస్తాలీఖ్ లిపి వరస మీద ఏటవాలుగా దిగుతుంది, దానికి ఎత్తు ఎక్కువ కావాలి. ఇంగ్లీషుకు సరిపడా పెట్టిన వరస ఎత్తులో పైచుక్కలు కత్తిరించుకుపోయాయి. ఉర్దూలో చుక్క పోతే అక్షరమే మారిపోతుంది. కొడుకు వరస ఎత్తును రెట్టింపు చేసి మళ్లీ చూపిస్తాడు. తండ్రి తలూపుతారు. కార్డు అచ్చుకు వెళ్లే ముందు ప్రూఫ్ తీసి, ఇంటివాళ్లతో చదివించి, సంతకం చేయించుకోవడం ఆయన రోజూ చేసే పని. ఈ లోకల్ సర్వర్ సైటుకు అలాంటి ప్రూఫే.

అంతలో కరెంటు పోయింది. రౌటర్ ఆరిపోగానే ఫోన్‌లో పేజీ కదలదు. బ్యాటరీ మీదున్న లాప్‌టాప్‌లో సైటు మాత్రం అలాగే నడుస్తోంది. దాని తెర వెలుతురులోనే అతను ఫోటో ఫైళ్ల పేర్లన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోకి మారుస్తున్నాడు. విండోస్‌కు పెద్ద అక్షరమైనా చిన్న అక్షరమైనా ఒకటే గానీ, బయట ఎక్కువ సైట్లు నడిచే లైనక్స్‌కు ఆ రెండూ వేరు. ఇంట్లో కనబడిన బొమ్మ అక్కడ మాయమవుతుంది.

మీరూ ఇంట్లో ఇలాంటి సర్వర్ పెట్టుకుంటే దాన్ని పరీక్షకే వాడండి, ఊరికి తెరిచి పెట్టకండి. గ్జాంప్ డేటాబేస్‌కు మొదట్లో పాస్‌వర్డ్ కూడా ఉండదు. పరీక్షించేటప్పుడు మాత్రం మన పేర్లే కొట్టండి: జ్యోత్స్న, లక్ష్మి, ఉజ్జ్వల, కృష్ణమూర్తి. తర్వాత ఆ భాష చదవగలిగిన పెద్దవాళ్ల చేతికి ఫోన్ ఇచ్చి చూడమనండి. వాళ్లు సరేనన్నాకే సైటును బయటికి పంపండి.