పుట్టి నుంచి నౌక దాకా: నీటి మీద క్షేమం

రాయచూరు సీమకు ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర. వంతెనలు లేని రోజుల్లో ఆవలి ఒడ్డు చేరాలంటే పుట్టే దిక్కు. వెదురుతో బుట్టలా అల్లి, వెలుపల తోలు కప్పిన గుండ్రటి పడవ అది. రాయచూరు యుద్ధం జరిగిన 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అలాంటి పడవల్లో పదిహేను, ఇరవై మంది దాటేవారని రాశాడు. తెడ్డు పట్టినవాడు నీటి పోకడ చూసి చెప్పే మాటే అప్పటి రక్షణ. వరద ముందు పుట్టి ఎంత అల్పమో 2020 ఆగస్టులోనూ తెలిసింది. పంచదేవ్‌పహాడ్ నుంచి రాయచూరు వైపు కురువకల గ్రామస్థులతో వస్తున్న పుట్టి కృష్ణలో బోల్తా పడి నలుగురు కొట్టుకుపోయారు.

రేవు దాటడం అవసరమైన కాలం పోయి, నీటి మీద తిరగడం వేడుకైన కాలం వచ్చింది. గోదావరి మీద పాపికొండల దారిలో భోజనాలు, పాటలతో లాంచీలు నడిచాయి. వేడుక పెరిగినంతగా జాగ్రత్త పెరగలేదు. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద అనుమతి లేని బోటు తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2018 మే 15న మంటూరు దగ్గర గాలివానకు లాంచీ మునిగితే, తలుపులు మూసిన గదిలో ఉన్నవాళ్లు బయటపడలేకపోయారు. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరద మీదుండగానే బయలుదేరిన ‘రాయల్ వశిష్ట’ బోటు కచ్చులూరు వద్ద మునిగింది. 77 మందిలో బతికింది 26 మందే. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం 38వ రోజున బోటును పైకి తీసింది. ఆ తర్వాతే బోట్ల మీద నిఘాకు తొమ్మిది కంట్రోల్ రూములు తలపెట్టారు. పాపికొండల యాత్ర 2021లో గానీ మళ్లీ మొదలు కాలేదు.

సముద్రం కథా ఇదే. 1912లో మునిగిన టైటానిక్‌లో రెండు వేల రెండు వందల మంది ఉంటే, ప్రాణరక్షణ పడవల్లో చోటు 1,178 మందికే. ఆ తర్వాతే, 1914లో, సముద్రంపై ప్రాణరక్షణకు అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది. 2012లో కోస్టా కాంకార్డియా నౌక ఒరిగి 32 మంది పోయాక, ప్రయాణికుల రక్షణ కసరత్తు ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో జరగాలన్న నియమం 2015 నుంచి అమలైంది. ప్రమాదం అలల్లోనే ఉండదు. 2020లో డైమండ్ ప్రిన్సెస్ నౌకలో 3,711 మందిలో 712 మందికి కరోనా సోకింది. ఒకే గాలి, ఒకే భోజనశాల పంచుకునే చోట సబ్బుతో చేతులు కడుక్కోవడం, ఒంట్లో బాగాలేకపోతే దాచకుండా చెప్పడం పక్కవాడి ప్రాణానికీ రక్ష. విశాఖలో 2023లో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది కాబట్టి ఇది మనకు దూరపు సంగతి కాదు.

ఐదు వందల ఏళ్లలో పడవ మారింది గానీ, క్షేమం తేలేది ఇప్పటికీ రేవులోనే. లైఫ్ జాకెట్ పట్టీలు బిగించుకుని, భోజనాల వేళ కూడా విప్పకుండా, బయటికి దారి ఎటో ముందే చూసుకోవాలి. నది పోటెత్తి ఉంటే, సరంగు రమ్మన్నా సరే, టికెట్ డబ్బు వదులుకుని పిల్లల చెయ్యి పట్టుకుని ఇంటికి రావాలి. పాపికొండలు ఎక్కడికీ పోవు.