పొటెన్షియోస్టాట్

పొటెన్షియోస్టాట్ అనేది ఒక ఎలక్ట్రోడ్ పొటెన్షియల్‌ను కోరిన విలువ దగ్గర నిలిపి, అప్పుడు ప్రవహించే కరెంటును కొలిచే ప్రయోగశాల పరికరం. తుప్పు పట్టడం, విద్యుత్ పూత, సెన్సార్ల అధ్యయనంతో పాటు, పగటి సౌరవిద్యుత్తును రాత్రికి నిల్వచేసే బ్యాటరీలు, సూపర్ కెపాసిటర్ల పరీక్షలోనూ దీన్ని వాడతారు.

నిర్మాణం

బ్యాటరీ రెండు కొనల మధ్య వోల్టేజి కొలిస్తే రెండు ఎలక్ట్రోడ్ల ప్రభావం కలిసే కనిపిస్తుంది. లోపం ఎందులో ఉందో తేలదు. అందుకే ఈ పరికరానికి మూడు ఎలక్ట్రోడ్ల ఘటాన్ని కలుపుతారు. పరీక్షించే పదార్థం వర్కింగ్ ఎలక్ట్రోడ్‌పై ఉంటుంది. రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ కొలతకు ఆధారం. దాని గుండా కరెంటు దాదాపు పోదు కాబట్టి దాని పొటెన్షియల్ స్థిరంగా ఉంటుంది. నీటి ద్రావణాల్లో ఇందుకు వెండి–సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌ను, లిథియం ఘటాల్లో సాధారణంగా లిథియం లోహాన్ని వాడతారు. కరెంటు మూడోదైన కౌంటర్ ఎలక్ట్రోడ్ గుండా సాగుతుంది. వర్కింగ్, రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ల మధ్య తేడాను ఆపరేషనల్ యాంప్లిఫయర్ కోరిన విలువతో ఎప్పటికప్పుడు పోల్చి, కరెంటును ఆ మేరకు పెంచుతుంది లేదా తగ్గిస్తుంది.

చరిత్ర

బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త ఎ. హిక్లింగ్ 1942లో ఎలక్ట్రోడ్ పొటెన్షియల్‌ను దానంతటదే నియంత్రించే పరికరాన్ని వర్ణిస్తూ వ్యాసం ప్రచురించాడు. తొలినాళ్ల పరికరాలు వాక్యూమ్ ట్యూబులతో పనిచేసేవి. తరవాత ట్రాన్సిస్టర్లు, ఐసీలు, కంప్యూటర్ నియంత్రణ వచ్చాయి.

పరీక్షలు

సైక్లిక్ వోల్టామెట్రీలో పొటెన్షియల్‌ను ఒకే వేగంతో పెంచి, మళ్లీ తగ్గిస్తారు. కరెంటు–పొటెన్షియల్ గీతలోని శిఖరాలు ఆక్సీకరణ, క్షయకరణ చర్యలు ఏ పొటెన్షియల్ దగ్గర జరుగుతున్నాయో చూపుతాయి. ఆదర్శ సూపర్ కెపాసిటర్‌కు శిఖరాలు ఉండవు. గీత దీర్ఘచతురస్రంలా వస్తుంది.

ఇంపిడెన్స్ పరీక్షలో కొన్ని మిల్లీవోల్టుల ఏసీ సంకేతాన్ని వేర్వేరు పౌనఃపున్యాల వద్ద పంపుతారు. ద్రావణపు నిరోధం, ఎలక్ట్రోడ్ ఉపరితల చర్య, అయాన్ల వ్యాపనం వేర్వేరు పౌనఃపున్యాల్లో బయటపడతాయి. కాబట్టి ఘటాన్ని విప్పకుండానే లోపం ఏ భాగంలో ఉందో అంచనా వేయవచ్చు.

స్థిర కరెంటుతో ఛార్జి, డిశ్చార్జి చేసే పరీక్షలో పరికరం గాల్వనోస్టాట్‌గా పనిచేస్తుంది. ఇలాంటి అనేక ఛానళ్లను ఒకచోట కూర్చిన యంత్రమే బ్యాటరీ సైక్లర్.

సౌర నిల్వకు ప్రత్యేక అవసరాలు

సౌర బ్యాటరీకి సాధారణంగా రోజుకొక ఛార్జి–డిశ్చార్జి ఆవృత్తం. ఘటంలోకి పంపిన విద్యుదావేశంలో తిరిగి వచ్చే వంతును కూలంబిక్ సామర్థ్యం అంటారు. అదనపు లిథియం లేని ఘటంలో తిరిగి రాని వంతు అంతా శాశ్వత నష్టమే అనుకుంటే, 99.9 శాతం సామర్థ్యం ఉన్నదానికి 365 రోజుల్లో మిగిలేది 69 శాతం, 99.99 శాతం ఉంటే 96 శాతం. ఇంత చిన్న తేడాను పట్టుకోవడానికి కరెంటు, కాలం, ఉష్ణోగ్రత మూడింటినీ అతి ఖచ్చితంగా నియంత్రించాలి. కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయంలో జెఫ్ డాన్ బృందం ఇలాంటి సైక్లర్లను రూపొందించి 2010లో ఫలితాలు ప్రచురించింది.

మబ్బు పట్టిన రోజుల్లో బ్యాటరీ పూర్తిగా నిండదు. ఎండ కాసే రోజుల్లో దాదాపు నిండుగానే ఉంటుంది. గ్రిడ్‌తో సంబంధం లేని సౌర బ్యాటరీల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61427-1 ఈ రెండు స్థితులనూ 40 డిగ్రీల సెల్సియస్ వద్ద అనుకరిస్తుంది.

భారతదేశంలో

తమిళనాడులోని కారైక్కుడిలో 1953లో ప్రారంభమైన కేంద్ర విద్యుద్రసాయన పరిశోధనా సంస్థ ఈ రంగానికి అంకితమైనది. హైదరాబాద్‌లోని పరిశోధనా సంస్థ ఏఆర్‌సీఐ లిథియం అయాన్ బ్యాటరీల ఎలక్ట్రోడ్ పదార్థాలపై పరిశోధిస్తోంది.

పరిమితులు

రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ విలువ క్రమంగా జారినా, తీగల కనెక్షన్ వదులైనా కొలత తప్పుతుంది. లిథియం ఘటాలను తేమ తగలకుండా ఆర్గాన్ నింపిన గ్లవ్‌బాక్స్‌లో కూర్చాలి. 20 మిల్లీమీటర్ల నాణెపు ఘటంలో వచ్చిన ఫలితం ఇంటి కప్పు మీది ప్యానెళ్లకు తగిలించే పెద్ద బ్యాటరీకి యథాతథంగా వర్తించదు. అందులో వేడి, పీడనం, ఘటాల మధ్య తేడాలు కూడా తోడవుతాయి.