ఫోన్‌లో, ట్యాబ్‌లో ‘అప్‌డేట్’ నొక్కే ముందు



“సార్, ఫోన్‌లో అప్‌డేట్ అని వస్తా ఉంది, నొక్కచ్చా?” అని మీలో చాలామంది అడుగుతుంటారు. కొందరు భయపడి నెలల తరబడి దాని జోలికే పోరు. ఇంకొందరు ఛార్జింగ్ పది శాతమే ఉన్నా, బస్సులో కూర్చునే నొక్కేస్తారు. రెండూ మంచి పద్ధతులు కావు. అప్‌డేట్ చెయ్యాలి. అయితే చేసే ముందు, ఫోన్‌లో ఉన్న ముఖ్యమైనవాటికి ఇంకోచోట కాపీ ఉండాలి. ఈ రెండు మాటలూ ఎందుకు చెబుతున్నానో కింద వివరంగా చదవండి.

ఫర్మ్‌వేర్ అంటే ఏమిటి?

మీరు వాడే వాట్సాప్, కెమెరా, పాఠాల యాప్ ఇవన్నీ పైపైన ఉండేవి. వాటికి అడుగున ఫోన్‌ను లేపి, తెర వెలిగించి, వైఫై కలిపి, అక్షరాలు చూపించే మూల సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. దాన్నే ఫర్మ్‌వేర్ అనీ, సిస్టమ్ సాఫ్ట్‌వేర్ అనీ అంటారు. యాప్‌ను మార్చడం ఇంట్లో కుర్చీ మార్చినట్టు. ఫర్మ్‌వేర్‌ను మార్చడం పునాది రాయి మార్చినట్టు. అందుకే దీనికి ఎక్కువ జాగ్రత్త కావాలి.

నోకియా 770 నేర్పిన పాఠం

ఫిన్లాండ్‌కు చెందిన నోకియా 2005లో ‘770 ఇంటర్నెట్ ట్యాబ్లెట్’ అనే చేతి పరికరాన్ని తెచ్చింది. అది ఫోను కాదు, అందులో సిమ్ ఉండదు. వైఫైతో ఇంటర్నెట్ చూసుకోవడానికే చేసిన పరికరం. దానికి కొత్త ఫర్మ్‌వేర్ వేయాలంటే యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలపాలి. అప్పుడు లోపలి మెమరీ మొత్తం తుడిచేసి కొత్తది రాసేది. సెట్టింగులు, వేసుకున్న ప్రోగ్రాములు, దాచుకున్న ఫైళ్ళు అన్నీ పోయేవి. ముందే మెమరీ కార్డులోకి బ్యాకప్ తీసుకున్నవాళ్ళు తమవి తిరిగి తెచ్చుకున్నారు. తీసుకోనివాళ్ళు మొదటినుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ తరువాతి మోడళ్ళకు 2008లో, ఏదీ తుడవకుండా ఇంటర్నెట్ ద్వారానే అప్‌డేట్ అయ్యే ఏర్పాటు వచ్చింది.

770కి ఇంకో అనుభవం కూడా ఉంది. కొత్త మోడళ్ళు వచ్చాక కంపెనీ దానికి పూర్తిస్థాయి అప్‌డేట్లు ఆపేసింది. ప్రతి పరికరానికీ అలాంటి రోజు ఒకటి వస్తుంది. మనకు దగ్గరి ఉదాహరణ చూడండి: 2023 అక్టోబరు 24 నుంచి ఆండ్రాయిడ్ 5.0 కంటే పాత సాఫ్ట్‌వేర్ ఉన్న ఫోన్లలో వాట్సాప్ పనిచెయ్యడం మానేసింది. సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు, దానికి ఇంకా అప్‌డేట్లు వస్తున్నాయా అని అడిగి కొనండి.

మన అక్షరంతో వచ్చిన తంటా

అప్‌డేట్ మనకెందుకు అనుకునేవాళ్ళకు ఈ సంగతి చెప్పాలి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను ఒక తెలుగు అక్షరం ఆపేసింది. ‘జ్ఞా’ అనే అక్షరం మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు చేరి ఏర్పడిన వరుస అది. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోనుకు ఆ అక్షరం మెసేజ్‌లో వస్తే, ఆ యాప్ ఠక్కున మూతపడిపోయేది. మళ్ళీ తెరిచినా మళ్ళీ మూతపడేది. తప్పు మన అక్షరానిది కాదు, దాన్ని తెరమీద గీసే సాఫ్ట్‌వేర్‌ది. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 అనే అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. అది వేసుకున్నవాళ్ళకు ఆ బాధ తీరిపోయింది.

ఆండ్రాయిడ్‌లోనూ మన కథ అప్‌డేట్‌తోనే ముడిపడి ఉంది. తెలుగుకు, కన్నడకు, మలయాళానికి తోడ్పాటు 2012లో వచ్చిన 4.1తో చేరింది. అంతకు ముందు చాలా ఫోన్లలో తెలుగు మెసేజ్ వస్తే వరసగా డబ్బాలే కనిపించేవి. ఇంటి బయట బోర్డులన్నీ వేరే భాషలో ఉండే ఊళ్ళలో పెరిగే మన పిల్లలు, బడి దాటాక తెలుగు చదివేది ఎక్కువగా ఫోన్‌లోనే. ఆ తెలుగు సరిగ్గా కనపడడం కూడా ఫర్మ్‌వేర్ చేతిలోనే ఉంది.

చేసే ముందు

1. ఫోటోలు, పిల్లల ప్రాజెక్టు ఫైళ్ళు, సర్టిఫికెట్ల స్కాన్‌లు మెమరీ కార్డులోకో, కంప్యూటర్‌లోకో, గూగుల్ ఖాతాలోకో కాపీ చెయ్యండి. కాపీ అయిందో లేదో ఒకటి రెండు ఫైళ్ళు తెరిచి చూసుకోండి.
2. ఫోన్ నంబర్లు గూగుల్ ఖాతాలో సేవ్ అయ్యాయా చూడండి. ముఖ్యమైన నాలుగు నంబర్లు నోటు పుస్తకంలో రాసి పెట్టండి.
3. వాట్సాప్‌లో చాట్ బ్యాకప్ తీసుకోండి.
4. గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ గుర్తుందా? లేకపోతే ముందు అది సరిచేసుకోండి.
5. స్టోరేజ్‌లో ఖాళీ ఉండాలి. అక్కరలేని వీడియోలు తీసెయ్యండి.

చేసేటప్పుడు

ఛార్జింగ్ సగానికి పైన ఉండాలి. ఛార్జర్ పెట్టి ఉంచితే ఇంకా మంచిది. ఫైల్ పెద్దదిగా ఉంటుంది కాబట్టి వైఫై ఉన్నచోట చెయ్యండి. మధ్యలో ఆపకండి. సగం రాసిన ఫర్మ్‌వేర్‌తో ఫోన్ అసలు లేవకపోవచ్చు. ఆండ్రాయిడ్ 7.0 నుంచి కొన్ని ఫోన్లలో సాఫ్ట్‌వేర్ రెండు కాపీలు ఉంచే పద్ధతి వచ్చింది. కొత్తది లేవకపోతే ఫోన్ పాతదానితోనే లేస్తుంది. కానీ మీ ఫోన్‌లో అది ఉందని నమ్ముకుని జాగ్రత్త వదలకండి. పరీక్ష ముందు రోజు, ఆన్‌లైన్ ఫారం ఆఖరి తేదీనాడు మాత్రం అస్సలు పెట్టుకోవద్దు.

చేశాక

మొదటి రోజు ఫోన్ కొంచెం వేడెక్కడం, ఛార్జింగ్ త్వరగా దిగిపోవడం మామూలే. లోపల పని ఇంకా జరుగుతుంటుంది. రెండు మూడు రోజులు చూడండి. తెలుగు కీబోర్డు, అలారం, పాఠాల యాప్ పనిచేస్తున్నాయా పరీక్షించండి. ఏదైనా యాప్ మొరాయిస్తే దాన్ని కూడా అప్‌డేట్ చెయ్యండి. నచ్చలేదని పాతదానికి తిరిగి వెళ్ళడం మామూలుగా కుదరదు. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి: ‘అప్‌డేట్’ వేరు, ‘రీసెట్’ వేరు. ఫ్యాక్టరీ రీసెట్ నొక్కితే ఫోన్‌లో దాచినవన్నీ పోతాయి.

మోసం జరిగే చోటు

సిస్టమ్ అప్‌డేట్ ఫోన్‌లోని సెట్టింగ్స్‌లోనే వస్తుంది. వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకులో రాదు. “మీ ఫోన్ అప్‌డేట్ చెయ్యండి” అంటూ ఏపీకే ఫైల్ వస్తే తెరవకండి, ఇంకొకరికి పంపకండి. అప్‌డేట్‌కు ఎవరూ ఓటీపీ అడగరు, బ్యాంకు వివరాలూ అడగరు. అలా మోసపోయి డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి, మీ బ్యాంకుకూ చెప్పండి.

పెద్దవాళ్ళకు ఇవన్నీ కొత్తగా ఉండొచ్చు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఈ ఆదివారం అమ్మానాన్నల పక్కన కూర్చుని ముందు బ్యాకప్ తీసి చూపించండి, ఆ తరువాత అప్‌డేట్ నొక్కండి. అవ్వా తాతల ఫోన్ కూడా మరిచిపోకండి. పాత ఫోటోలు ఎక్కువగా వాళ్ళ దగ్గరే ఉంటాయి.

— ప్రధానోపాధ్యాయుడు