కారణాలు మారాయి, కోత మారలేదు

అమెరికాలో కాన్పయిన మర్నాడు, బాలింత ఇంకా సరిగ్గా లేచి కూర్చోకముందే, ఆస్పత్రివాళ్ళు అడిగే ప్రశ్నల్లో ఒకటి మనవాళ్ళని తికమకపెడుతుంది. పుట్టింది మగపిల్లాడైతే, సున్తీ చేయించమంటారా వద్దా? పురిటికని ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ “మనకెందుకమ్మా అది?” అంటుంది. “ఇక్కడ చాలామందికి చేస్తారట అత్తయ్యగారూ, శుభ్రతకి మంచిదట” అంటాడు అల్లుడు. డాక్టరుని అడిగితే లాభాలూ నష్టాలూ నాలుగు ముక్కల్లో చెప్పి, నిర్ణయం మీదే అంటారు. సంతకానికి ఒక కాగితం చేతికొస్తుంది.

జబ్బేమీ లేని పసివాడికి శస్త్రచికిత్స చేయమంటారా అని ఆస్పత్రివాళ్ళు అసలెందుకు అడుగుతున్నారు? యూదులకీ ముస్లిములకీ అది మతధర్మం; వాళ్ళు తామే అడిగి చేయించుకుంటారు. ఆ మతాలతో సంబంధం లేని ఇళ్ళకి ఈ ప్రశ్న ఎలా వచ్చింది? జవాబు కావాలంటే నూటయాభై ఏళ్ళు వెనక్కి, న్యూయార్క్‌కి వెళ్ళాలి.

1870లో అక్కడ లూయిస్ సేర్ అనే పేరుమోసిన ఎముకల వైద్యుడు ఉండేవాడు. మోకాళ్ళు వంగిపోయి, నిలబడలేకపోతున్న ఐదేళ్ళ పిల్లాణ్ణి చూడమని ఆయనకి కబురొచ్చింది. పరీక్ష చేస్తుంటే, పిల్లాడి లింగం చివరి చర్మం బిగుసుకుపోయి, ముట్టుకుంటే ఓర్చుకోలేనంత బాధగా ఉందని తెలిసింది. ఆ చిరాకే నరాల గుండా పాకి కాళ్ళని చచ్చుబడేట్టు చేస్తోందని సేర్ ఊహించాడు. బెల్‌వ్యూ ఆస్పత్రిలో ఆ చర్మం కోసేశాడు. కొన్ని వారాల్లో పిల్లాడు నడిచాడు. ఆ ఏడే ఈ సంగతి అమెరికన్ మెడికల్ అసోసియేషన్‌కి నివేదించాడు. తర్వాత పదేళ్ళకి ఆ సంఘానికే అధ్యక్షుడయ్యాడు.

ఒక అవయవంలో పుట్టిన చిరాకు ఇంకెక్కడో రోగం పుట్టిస్తుందనే సిద్ధాంతం అప్పట్లో బాగా చెల్లుబాటయ్యేది. దాంతో మూర్ఛకీ, పక్క తడపడానికీ, హెర్నియాకీ, ఉబ్బసానికీ కూడా సున్తీయే మందన్నారు. మిషిగన్‌లో శానిటోరియం నడిపిన డాక్టర్ జాన్ హార్వీ కెలాగ్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఇంటి పేరు చూసి గుర్తుపట్టే ఉంటారు, కార్న్‌ఫ్లేక్స్ కెలాగే. మగపిల్లల్లో హస్తప్రయోగం మాన్పించడానికి సున్తీ చేయమన్నాడు. మత్తు ఇవ్వకుండా చేస్తే మరీ మంచిదట, ఆ నొప్పి శిక్షలా మనసులో నిలిచిపోతుందట! అంటే వైద్యం పేరుతో నొప్పినే మందుగా వాడమన్నాడన్నమాట.

తర్వాత ఆ నరాల సిద్ధాంతం వీగిపోయింది. హస్తప్రయోగం వల్ల పిచ్చెక్కుతుందన్న భయమూ మెల్లగా పోయింది. సున్తీ మాత్రం పోలేదు. సూక్ష్మజీవుల సంగతి తెలిశాక ‘శుభ్రత’ దానికి కొత్త కారణమైంది. యూదుల్లో సిఫిలిస్ తక్కువని 1855లోనే లండన్‌లో జోనథన్ హచిన్సన్ రాసిన లెక్కల్ని తవ్వి తీశారు. ఆపైన క్యాన్సర్ నివారణ అన్నారు. ఇళ్ళలో జరిగే కాన్పులు ఆస్పత్రులకి మారాయి. 1940 నాటికి అమెరికాలో సగానికి పైగా పిల్లలు ఆస్పత్రుల్లోనే పుడుతున్నారు. పుట్టిన పిల్లాడు డాక్టరు చేతిలోనే ఉంటాడు కాబట్టి, ఇంటికి పంపేలోపు సున్తీ కూడా చేసేయడం మామూలైపోయింది. తండ్రికి చేశారు, కొడుక్కీ చేశారు. రెండు తరాలు గడిచేసరికి అది ఆచారమైంది. ఆచారమైపోయాక కారణం ఎవరూ అడగరు.

ఇంగ్లండులోనూ ముఖ్యంగా కలిగినవాళ్ళ ఇళ్ళలో ఇదే అలవాటు పాతుకుంది. అక్కడ కారణం అడిగినవాడు కేంబ్రిడ్జిలో పిల్లల డాక్టరు డగ్లస్ గైర్డ్‌నర్. 1949 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం రాశాడు. పుట్టిన పిల్లల్లో ఆ చర్మం వెనక్కి రాకపోతే రోగమని అందరూ అనుకుంటున్నారు. అది రోగం కాదు, పుట్టుకతో అంటుకునే ఉంటుంది, మూడేళ్ళొచ్చేసరికి దాదాపు నూటికి తొంభైమందిలో తనంతట తానే విడిపోతుంది అని లెక్కలతో చూపించాడు. ఇంగ్లండు, వేల్స్‌లలో ఈ ఆపరేషన్ వల్ల ఏటా పదహారుమంది దాకా పసివాళ్ళు చనిపోతున్నారనీ బయటపెట్టాడు. దానికి ముందు ఏడాదే మొదలైన ప్రభుత్వ ఆరోగ్య సేవ అవసరం లేని సున్తీకి డబ్బు పెట్టనంది. కొద్దికాలంలోనే ఇంగ్లండులో అలవాటు వెనకబట్టింది. అమెరికాలో అలా జరగలేదు. 1979లో ఆస్పత్రుల్లో పుట్టిన మగపిల్లల్లో 64.5 శాతానికి సున్తీ జరిగింది, 2010లోనూ 58.3 శాతానికి జరిగింది. రెండు దేశాల డాక్టర్లూ చదివింది ఒకే శాస్త్రం!

అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెప్పిన మాటలు వరసగా చూస్తే ఈ తికమక ఇంకా బాగా అర్థమవుతుంది. పుట్టిన పిల్లలకి సున్తీ చేయడానికి సరైన వైద్య కారణమే లేదని 1971లో అంది. సున్తీ అయిన శిశువుల్లో మూత్రనాళ ఇన్ఫెక్షన్లు తక్కువని 1985 నుంచీ పరిశోధనలు రావడంతో 1989లో స్వరం మార్చింది. లాభాలున్నాయి గానీ అందరికీ సిఫారసు చేసేంత కాదని 1999లో అంది. ఇంతలో దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాల్లో పెద్ద ప్రయోగాలు జరిగాయి. సున్తీ చేయించుకున్న మగవాళ్ళకి స్త్రీల ద్వారా హెచ్ఐవీ సోకడం సగానికి పైగా తగ్గిందని 2005–07 మధ్య తేలింది. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆ రోగం ఎక్కువగా ఉన్న ప్రాంతాలకి దీన్ని సిఫారసు చేసింది. ఇక 2012లో అకాడమీ, లాభాలు నష్టాల కంటే ఎక్కువే, అయినా నిర్ణయం తల్లిదండ్రులదే అంది. నర్సు తెచ్చిన కాగితంలో ఉన్నది ఈ మాటే.

మరుసటి ఏడే 38 మంది వైద్యులు, ఎక్కువమంది ఉత్తర యూరప్‌వాళ్ళు, దీనికి గట్టిగా జవాబు రాశారు. ఒక్క ఇన్ఫెక్షన్ తప్పించడానికి దాదాపు వందమంది శిశువుల్ని కోయాలి, ఆ ఇన్ఫెక్షనేమో మందులకి లొంగేదే. హెచ్ఐవీ ప్రయోగాల్లో పాల్గొన్నవాళ్ళు ఇష్టపడి వచ్చిన పెద్దవాళ్ళు, శిశువుకి ఆ తొందర లేదు. మీ దేశపు అలవాటే మీ చేత ఇలా రాయించింది అన్నారు. అకాడమీ తరఫువాళ్ళు ఊరుకోలేదు. మీ దేశాల్లో ఈ అలవాటు లేదు కాబట్టి అది మీకు వింతగా కనిపిస్తోంది, మీదీ పక్షపాతమే అన్నారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. పసితనంలో చేస్తే చిక్కులు తక్కువ, పెద్దయ్యాక చేస్తే ఎక్కువ అన్న వాదన కూడా కొట్టిపారేసేది కాదు. కాకపోతే పెద్దయ్యాక అది చాలామందికి అసలు అవసరమే పడదు.

ఇంత వాదనలోనూ చాలాకాలం వినపడనిది పసివాడి ఏడుపు. నవజాత శిశువులకి నరాలు పూర్తిగా ఎదగవనీ, నొప్పి తెలియదనీ, తెలిసినా గుర్తుండదనీ డాక్టర్లు నమ్మేవారు. మత్తు లేకుండానే కోసేవారు. ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళిన కె. జె. ఎస్. ఆనంద్, 1987లో ఇంకొకరితో కలిసి రాసిన వ్యాసంలో శిశువుకి నొప్పి తెలుస్తుందనడానికి సాక్ష్యాలన్నీ కూర్చి చూపించాడు. 1997లో కెనడాలో ఏ మత్తు పద్ధతి మంచిదో తేల్చే ప్రయోగం ఒకటి జరిగింది. మత్తు ఇవ్వని శిశువుల బాధ చూడలేక దాన్ని మధ్యలోనే ఆపేశారు. సున్తీ అయిన పిల్లలు నాలుగో నెలలోనో ఆరో నెలలోనో టీకా వేసినప్పుడు మిగతావాళ్ళ కంటే ఎక్కువ బాధపడుతున్నారని అదే ఏడు లాన్సెట్‌లో వచ్చింది. గుర్తుండదన్న మాటని ఇక అంత ధీమాగా అనలేం.

ఇంతవరకూ చెప్పింది డాక్టర్ల కథ. మతం వైపు నుంచి చూస్తే కథ వేరు. అక్కడ కారణం మారలేదు. ఎనిమిదో రోజున చేయమని అబ్రహాముకి దేవుడు చెప్పాడు; యూదులకి అంతే చాలు. అలాగని వాళ్ళ పెద్దలు ప్రాణం సంగతి పట్టించుకోలేదని కాదు. ఒక తల్లి కొడుకులు ఇద్దరు సున్తీ వల్ల చనిపోతే మూడోవాడికి చేయకూడదని తాల్ముద్‌లోనే ఉంది. రక్తం గడ్డకట్టని జబ్బు గురించి మనకి దొరికే తొలి ఆనవాళ్ళలో అదొకటి. ముస్లిములకి ఖురాన్‌లో ఈ మాట లేదు, హదీసుల్లో ఉంది. మన ఊళ్ళలో దీన్ని సున్తీ అనీ ఖత్నా అనీ అంటారు, కొన్నిచోట్ల ఒడుగులు అనీ అంటారు. ఉపనయనానికి వాడే మాటే ఇది. తెలుగు పల్లెవాళ్ళు దీన్ని వైద్యంగా కాక, పిల్లాణ్ణి తమవాళ్ళలో కలుపుకునే వేడుకగా చూశారని ఆ ఒక్క మాటే చెబుతోంది. చుట్టాల్ని పిలిచి, కొత్తబట్టలు కట్టి, విందు పెడతారు. ఒకప్పుడు హజాం చేసేవాడు, ఇప్పుడు చాలామంది సర్జన్ దగ్గరికి వెళ్తున్నారు.

ఈ రెండు కథలూ కోర్టులో ఎదురుపడ్డది జర్మనీలో. కొలోన్ నగరంలో 2010లో నాలుగేళ్ళ ముస్లిం పిల్లాడికి ఒక డాక్టరు సున్తీ చేశాడు. రెండురోజుల తర్వాత రక్తం కారడంతో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు పనిలో తప్పేమీ లేదని కోర్టు 2012 మేలో తేల్చింది, ఆయన్ని వదిలేసింది. కానీ తిరిగి సరిచేయలేని మార్పు పిల్లాడి ఒంటి మీద చేసే హక్కు తల్లిదండ్రుల మతస్వేచ్ఛలో లేదనీ, అది గాయపరచడమేననీ చెప్పింది. యూదులూ ముస్లిములూ కలిసి నిరసన తెలిపారు. ఆ డిసెంబరులోనే జర్మన్ పార్లమెంటు, వైద్య నియమాలు పాటించి చేస్తే తల్లిదండ్రుల అనుమతి చెల్లుతుందని చట్టం చేసింది.

పార్లమెంటు అంత తొందరపడటం ఊరికే కాదు. సున్తీని నిషేధించిన పాలకులకి పాత చరిత్ర ఉంది. క్రీస్తుకి పూర్వం రెండో శతాబ్దంలో ఆంటియోకస్ నిషేధించాడు. కొడుకులకి సున్తీ చేయించిన తల్లుల్ని చంపించాడు. రోమన్ చక్రవర్తి హేడ్రియన్ కూడా నిషేధించాడంటారు. నాజీల కాలంలో దాక్కున్న యూదు మగవాణ్ణి పట్టించింది అతని ఒళ్ళే. దేశవిభజన అల్లర్లలో ఇక్కడా మగవాళ్ళ బట్టలు విప్పి చూసి చంపారు. పసివాడి హక్కు కోసమే చట్టం తెస్తున్నామన్నా, ఆ మాట వినేవాళ్ళకి ఇవన్నీ గుర్తొస్తాయి.

అలాగని కొలోన్ కోర్టు అడిగిన ప్రశ్న తప్పుదని నేననుకోను. ఆ ఒళ్ళు పిల్లాడిదే. అయితే పిల్లాణ్ణి తమవాడిగా పెంచుకునే హక్కు తల్లిదండ్రులకి లేకపోతే ఏ మతమూ, ఏ భాషా తర్వాతి తరానికి చేరవు. ఈ రెండింటి మధ్య పోలీసుని నిలబెట్టడం కంటే, మత్తూ నేర్పున్న చెయ్యీ తప్పనిసరి చేసి, ఆ సమాజాల్లోనే మాట్లాడుకోనివ్వడం మేలనిపిస్తుంది. అలా ప్రశ్నించే యూదులూ ముస్లిములూ ఇప్పటికే ఉన్నారు.

విశ్వాసం ఉన్న ఇంటికి ఒక కారణం ఉంది. అది మనకి నచ్చినా నచ్చకపోయినా, దాచుకోని కారణం. ఆ విశ్వాసం లేని ఇంటికి వచ్చిన కాగితం సంగతి వేరు. పక్షవాతం, హస్తప్రయోగం, శుభ్రత, క్యాన్సర్, ఇన్ఫెక్షన్, హెచ్ఐవీ అంటూ ఒకటి పోతే ఇంకొకటి చూపిస్తూ వచ్చిన అలవాటు అది. చివరి రెండు కారణాల్లో నిజం లేకపోలేదు. కానీ వాటిలో ఏదీ జబ్బులేని శిశువు విషయంలో మూడో రోజునే తేల్చాల్సింది కాదు. అందుకే అమ్మమ్మ అడిగిన “మనకెందుకమ్మా?” అన్న ప్రశ్న చాదస్తంగా తోచదు నాకు. నూటయాభై ఏళ్ళుగా డాక్టర్లు ఒకరినొకరు అడుగుతున్న ప్రశ్న అదే.